వేడికి ఆగిపోతుందనుకున్న పద్మిని: ఒక ఎయిర్ లాక్ కేసు

నేపథ్యం

బండి 1980ల మధ్యనాటి ప్రీమియర్ పద్మిని. 1089 సీసీ పెట్రోల్ ఇంజన్, సోలెక్స్ కార్బరేటర్, స్టీరింగ్ పక్కనే గేర్ రాడ్డు, ఇప్పటికీ డైనమోనే. తండ్రి వాడిన బండి కొడుక్కి వచ్చింది. విజయవాడలో ఉంటుంది. పెళ్లిళ్లకు, ఆదివారాలకు, అప్పుడప్పుడు గుంటూరు దాకా, అంతా కలిపి ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు తిరుగుతుంది. యజమానిని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను.

కోవిడ్ రోజుల నుంచి దాదాపు మూడేళ్లు బండి షెడ్డులోనే ఉండిపోయింది, ట్యాంకులో సగం పెట్రోలుతో. సగం ట్యాంకు అనేది ఈ కేసులో పెద్ద విషయం. నిండు ట్యాంకులో రేకుకి గాలి తగలదు. సగం ఖాళీగా ఉంటే పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ లోపలి గాలిలోని తేమ పై గోడల మీద చెమ్మగా దిగి, అక్కడే తుప్పు పడుతుంది. బయటికి తీశాక టింకరింగ్, పెయింటింగ్, సీట్లకి లక్షా నలభై వేలు ఖర్చయ్యాయి. ట్యాంకు మాత్రం ఎవరూ విప్పలేదు. పాత బండ్ల బాగుచేతలో ఇది మామూలే. ఫొటోలో కనబడేదానికే డబ్బు వెళ్తుంది.

సమస్య

యజమాని చెప్పింది ఇది: "అరగంట బ్రహ్మాండంగా వెళ్తుందండీ. తర్వాత ఆగిపోతుంది. ఇరవై నిమిషాలు నీడలో పెడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. వేడికి ఎయిర్ లాక్ అవుతోందని అందరూ అంటున్నారు."

ఎయిర్ లాక్ అంటే పెట్రోలు లైన్‌లోనే మరిగి ఆవిరైపోవడం. పద్మినికి ఆ పేరు ఎప్పటి నుంచో ఉంది. ఏసీ పంపు (ట్యాంకు నుంచి పెట్రోలు లాగే మెకానికల్ పంపు, ఏసీ అనేది కంపెనీ పేరు) ఇంజన్ బ్లాకుకే బిగించి ఉంటుంది కాబట్టి బ్లాకు వేడి నేరుగా దానికి ఎక్కుతుంది. ఎండాకాలం పంపు మీద తడిగుడ్డ వేసి నడపడం తండ్రుల కాలం నుంచీ ఉన్న పద్ధతే. ఈ బండికి కూడా తడిగుడ్డతో కొంత ఉపశమనం ఉండేది. అందుకే ఆ రోగ నిర్ణయాన్ని ఎవరూ ప్రశ్నించలేదు.

ఓపిగ్గా అడిగితే రెండు వివరాలు బయటికొచ్చాయి. ఒకటి, బండి డిసెంబరులో ఒకసారి రాత్రి పది దాటాక, ఏలూరు రోడ్డు మీద అరవైలో వెళ్తూ ఆగింది. చల్లటి రాత్రి, ఎదురుగాలి బాగా తగిలే వేగం. ఉత్త ఎయిర్ లాక్‌కి ఇది కుదరదు. రెండోది, ఆగే తీరు అన్నిసార్లూ ఒకటి కాదు. హైవే మీద అయితే ముందు కుదుపులు, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ నీరసం, ఆ తర్వాత ఆగడం. కాజ టోల్ ప్లాజా క్యూలోనో బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గరో అయితే తాళం తిప్పేసినట్టు ఒక్కసారిగా ఆగడం.

పెట్రోలు అందక ఆగే ఇంజన్ కుదుపులతో చస్తుంది, ఎందుకంటే ఫ్లోట్ చాంబర్లో (కార్బరేటర్లో పెట్రోలు నిలిచే చిన్న గిన్నెలో) మిగిలింది కొద్దికొద్దిగా అయిపోతుంది. కరెంటు పోయి ఆగే ఇంజన్‌కి కుదుపు చాలాసార్లు ఉండదు. అంటే ఇక్కడ జబ్బులు రెండు ఉండవచ్చు. అప్పటిదాకా రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తూ వచ్చారు.

అంతకుముందు చేసినవి

వేర్వేరు చోట్ల, వేర్వేరు నెలల్లో జరిగిన పని ఇది. ఏసీ పంపు మార్పిడి 1,900 రూపాయలు. కార్బరేటర్ కిట్, కూలీ 2,800. రేడియేటర్‌కి కొత్త కోర్ 7,500. కాయిల్, ప్లాటినం పాయింట్లు, కండెన్సర్ 2,600. ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంపు, బిగింపు 3,200. ఇవిగాక మూడుసార్లు టోయింగ్, మొత్తం 9,000. అంతా కలిపి 27,000.

ప్రతి రిపేరు తర్వాతా బండి కొన్నాళ్లు బాగానే నడిచింది, దానికి కారణం రిపేరు కాదు. షెడ్డులో రెండు మూడు రోజులు కదలకుండా ఉండటమే మందులా పనిచేసింది. ఎలాగో కింద వస్తుంది. తప్పు పట్టాల్సింది పార్టుల్ని కాదు, వాటిని మార్చిన సమయాన్ని. ఈ జబ్బు కనబడేది ఆగిన తర్వాతి ఇరవై నిమిషాలే. టోయింగ్ బండి వచ్చేసరికి కోలుకుంటుంది. కోలుకున్న బండిని చూసి ఏ మెకానిక్ అయినా ఊహే చేయాలి, ఊహ ఎప్పుడూ ఏదో ఒక పార్టు మీదకే పోతుంది.

ఎలక్ట్రిక్ పంపు మాత్రం కొత్త చిక్కు తెచ్చింది. పాత ఏసీ పంపు ఇచ్చే ఒత్తిడి 2, 3 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). ఫ్లోట్ చాంబర్ నిండగానే పెట్రోలు ఆపే సోలెక్స్ నీడిల్ వాల్వ్ ఆపగలిగేది కూడా ఆ మాత్రమే. బిగించిన చౌక రకం పంపు 5 దాకా నెడుతోంది. ఫ్లోట్ చాంబర్ పొంగి, పెట్రోలు ఇంటేక్ దారిన సిలిండర్లలోకి, అక్కణ్ణుంచి ఆయిల్‌లోకి దిగింది. డిప్‌స్టిక్ తీస్తే పెట్రోలు వాసన, ఆయిల్ నీళ్లలా పల్చన. అలా కొన్ని వందల కిలోమీటర్లు నడిస్తే బేరింగులు పోతాయి, అప్పుడు బిల్లు వేలల్లో ఉండదు. పైగా ఆ పంపుని ఇంజన్ దగ్గర పెట్టారు. ఈ రకం పంపులు నెట్టడంలో గట్టివి, లాగడంలో బలహీనం. పెడితే ట్యాంకు పక్కనే పెట్టాలి, ఇంజన్ ఆగితే పంపు కూడా ఆగేలా ఆయిల్ ప్రెజర్ స్విచ్ ద్వారా కరెంటు ఇవ్వాలి. లేదంటే ప్రమాదం జరిగి లైన్ తెగినా పంపు పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ముందుగా దాన్ని తీసేసి, ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఏసీ పంపుని తిరిగి పెట్టాం.

ఆగిన క్షణాన్ని పట్టుకోవడం

కొత్త పార్టు ఏదీ కొనకుండా బండికి మూడు పరికరాలు తగిలించాం. ట్యాంకు లైన్‌కీ ఏసీ పంపుకీ మధ్య ఒక టీ పీస్ (మూడు దారుల జాయింటు), దాని నుంచి పంపు ఎంత గట్టిగా లాగుతోందో చూపే వాక్యూమ్ గేజ్. పంపుకి ముందొకటి, తర్వాత ఒకటి లోపల కనబడే ఫిల్టర్లు. కాయిల్ ప్లస్ నుంచి డ్యాష్‌బోర్డు దాకా వైరు లాగి, రెండో కొస ఎర్త్ చేసిన చిన్న టెస్ట్ ల్యాంప్. గేజ్‌ని వైపర్ దగ్గర బానెట్ సందులోంచి అద్దం ముందు కనబడేలా కట్టాలి. పెట్రోలు గొట్టాన్ని క్యాబిన్‌లోకి తీసుకురాకూడదు.

బండి ఆగిన వెంటనే సెల్ఫ్ కొట్టవద్దని యజమానికి గట్టిగా చెప్పాం. కొడితే సాక్ష్యం చెరిగిపోతుంది. ముందు ట్యాంకు మూత తిప్పి, గాలి లోపలికి పీల్చిన చప్పుడు వస్తుందో లేదో వినాలి. వస్తే మూతలోని గాలి రంధ్రం పూడిందని అర్థం. తర్వాత ఎయిర్ క్లీనర్ తీసి, కార్బరేటర్ గొంతులోకి చూస్తూ చేత్తో థ్రాటిల్ లాగాలి. యాక్సిలరేటర్ పంపు సన్నటి ధార కొడితే చాంబర్లో పెట్రోలు ఉంది. ఆ తర్వాతే ఒక విడి ప్లగ్‌ని హెచ్‌టీ వైరుకి (ప్లగ్‌కి హై వోల్టేజి తెచ్చే వైరుకి) తగిలించి, బ్లాకుకి ఆనించి, సెల్ఫ్ తిప్పించి నిప్పురవ్వ చూడాలి. కార్బరేటర్ మీద ఎయిర్ క్లీనర్ మళ్లీ పెట్టాకే ఈ పని. తెరిచిన కార్బరేటర్ పక్కన నిప్పురవ్వ పుట్టించకూడదు.

హైవే మీద మొదటిసారి ఆగినప్పుడు జవాబు దొరికింది. మూత దగ్గర చప్పుడు లేదు. డ్యాష్‌బోర్డు దీపం నిండుగా వెలుగుతోంది. కార్బరేటర్లో ధార లేదు. బయల్దేరినప్పుడు 1 అంగుళం (పాదరసం కొలతలో) చుట్టూ ఉన్న వాక్యూమ్ గేజ్ ముల్లు, ఆగే ముందు 9 అంగుళాలకు ఎక్కింది. పంపు లాగుతోంది కానీ పెట్రోలు రావడం లేదు. అడ్డం పంపుకి వెనక, ట్యాంకు వైపు ఉంది.

అందరినీ పక్కదారి పట్టించిన విషయం ఇక్కడే తేలింది. లైన్‌లో అడ్డం ఉంటే పంపు గట్టిగా లాగుతుంది, లాగినకొద్దీ లైన్‌లో ఒత్తిడి పడిపోతుంది. ఒత్తిడి పడితే పెట్రోలు తక్కువ వేడికే మరుగుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20లో 20 శాతం దాకా ఇథనాల్ ఉండటం వల్ల 70 డిగ్రీల లోపే ఆవిరయ్యే భాగం మరింత ఎక్కువ. కాబట్టి ఎయిర్ లాక్ నిజంగానే జరుగుతోంది. తడిగుడ్డ నిజంగానే సాయం చేస్తోంది. ఎండాకాలం నిజంగానే ఎక్కువ ఇబ్బంది. కాకపోతే అదంతా అడ్డం పుట్టించిన లక్షణం. పంపుని ఎంత చల్లబరిచినా అడ్డం అక్కడే ఉంటుంది, అందుకే డిసెంబరు రాత్రి కూడా బండి ఆగింది.

అడ్డం ఎంతో కొలవడం

పంపు ప్రవాహ పరీక్ష అంతకుముందు కూడా ఎవరో చేశారు. ఒక నిమిషంలో 400 మి.లీ. వచ్చింది, బాగుందన్నారు. లెక్క చూస్తే నిజమే. లీటరుకి 14 కిలోమీటర్లు ఇచ్చే బండి గంటకి 60 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి తాగేది 70 మి.లీ. దాదాపు ఆరు రెట్లు వస్తోంది. పరీక్ష తప్పు కాదు, చేసిన సమయం చాలలేదు.

మేం చేసిన పద్ధతి: ఆరుబయట, బండి చల్లగా ఉన్నప్పుడు, పక్కన అగ్నిమాపక సిలిండర్ పెట్టుకుని, కార్బరేటర్‌కి పైన వేలాడదీసిన సీసా నుంచి పెట్రోలు ఇచ్చాం. ఇంజన్ ఐడిల్‌లో ఆడుతుంటే ఏసీ పంపు బయటి గొట్టాన్ని క్యానులోకి వదిలాం. మొదటి లీటరు రెండున్నర నిమిషాల్లో వచ్చింది. ఐదో లీటరుకి దాదాపు ఏడు నిమిషాలు పట్టింది. ఐడిల్‌లోనే ఇంత పడిపోతే హైవే మీద అరగంట లాగాక ఏమవుతుందో ఊహించవచ్చు. ఇంజన్ ఆపి పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చేస్తే మొదటి లీటరు మళ్లీ రెండున్నర నిమిషాలే. జబ్బు మొత్తం ఈ రెండు అంకెల్లో ఉంది. లాగుతున్నంతసేపూ ఏదో వచ్చి అతుక్కుంటోంది, లాగడం ఆపితే రాలిపోతోంది.

ముందు చిన్న పని చేసి చూశాం. పంపు దగ్గర గొట్టం విప్పి, ట్యాంకు మూత తెరిచి, తక్కువ ఒత్తిడి గాలితో లైన్‌ని వెనక్కి ఊదాం. బండి కొద్ది రోజులు బాగా నడిచి మళ్లీ అదే దారి పట్టింది. మడ్డి లైన్‌లో కూరుకుపోయి ఉంటే ఊదాక తిరిగి రాకూడదు. తిరిగొచ్చిందంటే సరఫరా ట్యాంకు నుంచే. ఇక ట్యాంకు దించక తప్పదు. నాలుగు వేలు దాటే కూలీని ఈ రుజువు లేకుండా అడగడం సబబు కాదు.

ట్యాంకు

బ్యాటరీ విప్పి, పెట్రోలు తోడి, ట్యాంకు దించాం. అడుగున ఎర్రటి బురద, దానిలో కలిసిన బంక. పాత పెట్రోలు ఎండి వార్నిష్‌లా పట్టిన పొరని ఇథనాల్ మెల్లగా కరిగించి తుప్పుతో కలిపేసింది. పికప్ గొట్టం చివర సన్నటి జాలీకి మూడొంతులు ఈ మడ్డి పట్టేసి ఉంది. మడ్డి పోనీ, ట్యాంకుకీ ఇనప లైన్‌కీ మధ్య ఉన్న రబ్బరు గొట్టం లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతోంది. లాగినప్పుడు మూసుకుంటుంది, ఊదితే తెరుచుకుంటుంది. వెనక్కి ఊదడం ఎందుకు అంత బాగా పనిచేసినట్టు అనిపించిందో దానికి ఇదీ ఒక కారణం.

ముందు డిటర్జెంట్ కలిపిన వేడినీళ్లతో రెండు మూడుసార్లు కడిగాం. లోపల రెండు కిలోల చిన్న నట్లు పోసి, అన్ని వైపులా దొర్లించి, లెక్కపెట్టి బయటికి తీశాం. తర్వాత 20 లీటర్ల గోరువెచ్చని నీళ్లలో కిలో నిమ్మ ఉప్పు కలిపి, ట్యాంకుని ఒక్కో వైపు తిప్పుతూ ఒక రోజంతా నానబెట్టాం. కడిగి, తినే సోడా నీళ్లతో పులుపు విరిచి, మళ్లీ కడిగి, గాలితో ఆరబెట్టి, వెంటనే పెట్రోలులో కొద్దిగా ఇంజన్ ఆయిల్ కలిపి లోపలంతా తడిపాం. ఈ చివరి పని ఆలస్యమైతే శుభ్రమైన రేకు గంటల్లో మళ్లీ ఎర్రబడుతుంది. పక్కన ఎవరైనా "చిన్న చిల్లు ఉంది, ఒక వెల్డింగ్ టాకా వేసేద్దాం" అంటే ఒప్పుకోకూడదు. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రాణం తీస్తుంది.

లోపల కోటింగ్ వేయాలా వద్దా అన్నది అసలు నిర్ణయం. మార్కెట్లో దొరికే ఎపాక్సీ రకాల్లో చాలావాటికి ఇథనాల్ పడదు. ఏడాదికో రెండేళ్లకో అవి పొలుసులుగా ఊడి పికప్‌కి అడ్డం పడతాయి, అప్పుడు తుప్పు కంటే తీయడం కష్టం. ఈ ట్యాంకు రేకు మందం బాగానే ఉంది, కాబట్టి కోటింగ్ లేకుండా వదిలేశాం. రేకు పలచబడి ఉంటే కొత్త ట్యాంకు చేయించమని చెప్పేవాళ్లం. సెకండ్ హ్యాండ్ ట్యాంకు వెతకడం రానురాను కష్టమవుతోంది. ఈ బండ్ల పాత పార్టులకి పెద్ద ఆధారం ముంబై టాక్సీలు. 2023 అక్టోబరుతో చివరి పద్మిని టాక్సీ కూడా రోడ్డు దిగిపోయింది.

రబ్బరు గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునే ఎఫ్‌కేఎం (ఒక ఫ్లోరిన్ రబ్బరు) పొర ఉన్నవి వేశాం. మామూలు గొట్టం కంటే ధర రెండు మూడింతలు, కానీ ఈ బండికి మొత్తం రెండు మీటర్లు చాలు. ఏసీ పంపు డయాఫ్రమ్ (లోపల ఆడుతూ పెట్రోలు లాగే పొర) విషయంలో ప్యాకెట్ మీది రాతని నమ్మకుండా, కిట్‌తో వచ్చిన పాత రకం డయాఫ్రమ్ ముక్కని మూత బిగించిన గాజు సీసాలో బంకు పెట్రోలు పోసి వారం నానబెట్టవచ్చు. ఉబ్బి మెత్తబడితే అది పంపులో పెట్టేది కాదు.

రెండో జబ్బు

ట్యాంకు బిగించాక హైవే మీద ముల్లు గంటసేపు నడిచినా 1.5 దాటలేదు. కుదుపులు పోయాయి. టోల్ క్యూలో ఆగడం మాత్రం పోలేదు. ఒక సాయంత్రం వానలో, హెడ్‌లైట్లు, వైపర్ వేసి ఉన్నప్పుడు ఇంజన్ ఠక్కున ఆగింది. ఈసారి కార్బరేటర్లో ధార బాగా ఉంది, డ్యాష్‌బోర్డు దీపం మసకగా ఉంది.

ఇంజన్ ఆపి, పాయింట్లు మూసుకున్న స్థితిలో ఇగ్నిషన్ ఆన్ చేసి, మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ ప్లస్‌కి, ఇంకో కొస కాయిల్ ప్లస్‌కి పెట్టాం. అర వోల్టు దాటకూడని చోట చల్లగా ఉన్నప్పుడు 2.1, బండి వేడెక్కాక 2.8 వోల్టులు. ఈ పరీక్ష నిమిషంలోపు ముగించాలి, లేదంటే కాయిల్ కాలుతుంది. ముక్కముక్కగా కొలిస్తే ఎక్కువ నష్టం ఇగ్నిషన్ స్విచ్ లోపలే. నలభై ఏళ్లుగా బండి సగం కరెంటు దాని మీదుగానే నడిచింది, లోపలి కాంటాక్టులు అరిగిపోయాయి.

ఐడిల్‌లో డైనమో చార్జింగ్ ఇవ్వదు. లైట్లు, వైపర్ బ్యాటరీ మీదే పడతాయి. 12 వోల్టుల బ్యాటరీలో 2.8 స్విచ్ తినేస్తే కాయిల్‌కి దక్కేది 9.2. నిప్పురవ్వ బలం వోల్టేజి వర్గంతో తగ్గుతుంది కాబట్టి మిగిలింది 60 శాతం లోపే. తడిసిన హెచ్‌టీ వైర్ల మీద అది చాలదు. కొత్త కాయిల్ వేసినా ఎందుకు మారలేదో ఇప్పుడు అర్థమవుతుంది.

స్విచ్ మార్చలేదు. దొరికే నకిలీ స్విచ్ ఏడాదిలో ఇలాగే తయారవుతుంది. బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజుతో నేరుగా వైరు లాగి, 30 ఆంపియర్ల నాలుగు కాళ్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) ద్వారా కాయిల్‌కి ఇచ్చాం. పాత స్విచ్ పని ఇప్పుడు రిలేని లేపడమే. ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఎర్త్ స్ట్రాప్ తుప్పు గీకి బిగించాం. కొలిస్తే 0.2 వోల్టులు.

చివరగా ఈ20 వల్ల మిశ్రమం పలచబడినట్టు (గాలికి తగ్గ ఇంధనం అందనట్టు) ప్లగ్‌లు తెల్లగా చెబుతున్నాయి. కార్బరేటర్లో పెట్రోలు వచ్చే రంధ్రమైన మెయిన్ జెట్ ఒక సైజు, అంటే జెట్ మీది అంకెలో 5, పెంచి ఐడిల్ సరిచేశాం. ఇథనాల్ కలిసిన పెట్రోలుతో ప్లగ్ రంగు మామూలు కంటే లేతగానే ఉంటుంది, కాబట్టి పాత రోజుల ఇటుక రంగు కోసం జెట్ పెంచుకుంటూ పోకూడదు.

ఖర్చు, కొన్ని గమనింపులు

ట్యాంకు దించడం, శుభ్రం 4,500. గొట్టాలు, క్లిప్పులు, ఫిల్టర్లు 2,200. ఏసీ పంపు కిట్ 900. రిలే, వైరింగ్ 1,100. జెట్, ట్యూనింగ్ 1,200. ఆయిల్, ఫిల్టర్ 1,600. పరీక్షలకి 3,500. మొత్తం 15,000.

వీటిలో యజమాని బేరమాడింది పరీక్షల చార్జీ ఒక్కదానికే. "పార్టేమీ మార్చకుండా మూడున్నర వేలా అండీ?" అన్నారు. ఆ అడగడంలో తప్పు లేదు. పాత పార్టు చేతికిస్తే డబ్బు ఎటుపోయిందో కనబడుతుంది, గేజ్ రీడింగ్‌ని చేతికివ్వలేం. మెకానిక్‌లు ఊహించి పార్టులు మార్చడానికి సగం కారణం కూడా ఇదే. చూడటానికి ఎవరూ డబ్బివ్వరు. ఈ కేసు తర్వాత పరీక్ష చార్జీని ముందే చెప్పి, రీడింగులు రాసిన కాగితం బిల్లుతో కలిపి ఇస్తున్నాం.

ఆగి, కోలుకుని, మళ్లీ ఆగే బండి వస్తే మొదట అడగాల్సింది ఎంత వేడిలో ఆగిందని కాదు, ఎంతసేపు నడిచాక ఆగిందని, కుదుపుతో ఆగిందా ఠక్కున ఆగిందా అని. జవాబులు ఒక్కోసారి ఒక్కోలా ఉంటే యజమాని తికమకపడుతున్నారని అనుకోవద్దు. రెండు జబ్బులున్నాయేమో చూడండి. ఏ పార్టు మార్చినా వారం పాటు బాగయ్యే బండికి విశ్రాంతే మందవుతోంది, అలాంటప్పుడు మడ్డిని అనుమానించాలి. మూడేళ్లు నిలిచిన బండికి పెయింట్ కంటే ముందు ట్యాంకు దించితే ఈ కేసులో ఆ 27,000లో చాలా భాగం మిగిలేది.

పంపు ముందున్న ఫిల్టర్‌ని 500 కిలోమీటర్లకి తీసి చూస్తే అడుగున చిటికెడు గోధుమరంగు పొడి ఉంది. మార్చాం. తర్వాతిది 2,000కి. వాక్యూమ్ టీ పీస్‌ని తీయకుండా బిరడా వేసి ఉంచాం, ప్రతి ఏప్రిల్‌లో ఒకసారి గేజ్ పెట్టి చూడటానికి. 3 అంగుళాలు దాటితే ట్యాంకు మళ్లీ దిగాలి. ఇక నెలల తరబడి నిలిపే పని ఉంటే ట్యాంకు అంచు దాకా నింపమని చెప్పాం. పెట్రోల్ గేజ్ ఫ్లోట్ ఇప్పటికీ పావు ట్యాంకు ఎక్కువ చూపిస్తోంది. ఆ పని ఇంకా మిగిలే ఉంది.